జూలై తూకంతో తిబో పినోను తూచవద్దు

2023 జూలై 22, శనివారం. వోజ్ పర్వతాల్లో పెతీ బలోన్ అనే కొండమీదికి అడవి మధ్యగా ఎక్కే సన్నటి ఘాట్ రోడ్డు పక్కన, మా అబ్బాయి భుజం పట్టుకుని పొద్దుటి నుంచీ నిలబడి ఉన్నాను. జూలైలో మూడు వారాల పాటు, రోజుకొక స్టేజ్‌గా సాగే సైకిల్ పందెం టూర్ ద ఫ్రాన్స్‌లో ఆ రోజు 20వ స్టేజ్. బెల్ఫోర్‌లో బయలుదేరి మార్క్‌స్టైన్ దగ్గర ముగిసే 133.5 కిలోమీటర్ల కొండదారి అది. మేమున్న మలుపుకు అభిమానులు ముందే, ఫ్రెంచి సైక్లిస్టు తిబో పినో పేరుతో, 'పినో మలుపు' అని పేరు పెట్టుకున్నారు. తారు మీద తెల్ల రంగుతో అతని పేరు ఎన్నిసార్లు రాశారో లెక్కలేదు. రోడ్డుకు రెండు పక్కలా జనం ఎంత ఒత్తుగా ఉన్నారంటే, సైకిలు వెళ్లడానికి దారి ఎక్కడుందో వచ్చే మనిషికే తెలియాలి. ముందుగా హెలికాప్టర్ చప్పుడు, తరువాత మోటారు సైకిళ్ల హారన్లు, ఆ తరువాత ఏ చప్పుడూ విడిగా వినిపించనంత కేక. తిబో పినో ఒంటరిగా, అందరికంటే ముందు, ఆ కేకలోకి వచ్చాడు. నా ముందు నుంచి వెళ్లడానికి అతనికి నాలుగైదు సెకన్లు పట్టి ఉంటుంది. నా పక్కన నిలబడ్డ డెబ్బయ్యేళ్ల పెద్దాయన టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు; ఆయన తుడుచుకున్నది చెమట కాదు.

పినో ఆ స్టేజ్ గెలవలేదు. తరువాతి కనుమ మీద వెనకవాళ్లు అతన్ని అందుకున్నారు, స్టేజ్‌ను తాదే పొగాచార్ గెలిచాడు, మర్నాడు పారిస్‌లో ముగిసిన టూర్‌లో పినో 11వ స్థానంలో నిలిచాడు. సోమవారం ఆఫీసు క్యాంటీన్‌లో నా సహోద్యోగి ఒకరు, సైకిల్ పందేలు బాగా తెలిసిన ఫ్రెంచి మనిషే, "పదకొండో స్థానానికా ఇంత గోల? పద్నాలుగేళ్లలో ఒక్క పసుపు జెర్సీ అయినా వేసుకున్నాడా?" అని అడిగారు. టూర్‌లో మొత్తం సమయం లెక్కన అందరికంటే ముందున్నవాడు తొడిగే ఆ జెర్సీని అతను వేసుకోలేదన్నది నిజం. అయినా ఆ ప్రశ్న తప్పని నేను ఆ రోజే అనుకున్నాను. ఎందుకు తప్పో నెమ్మదిగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఫ్రాన్స్‌లో మన తెలుగువాళ్లు చాలామందికి జూలై అంటే ఆఫీసులు ఖాళీ అయ్యే నెల, టీవీలో మధ్యాహ్నమంతా సైకిళ్లు కనిపించే నెల. ఆ సైకిళ్ల మీదున్న మనుషుల్లో ఒకరి గురించైనా మనం తెలుసుకోవాలంటే, నేను ముందుగా చెప్పే పేరు ఇతనిదే.

పినో 1990 మే 29న పుట్టాడు. ఊరు మెలిసే, ఫ్రాన్స్ తూర్పున ఓత్-సోన్ జిల్లాలో, వోజ్ కొండల పాదాల దగ్గరున్న చిన్న ఊరు. తండ్రి ఆ ఊరికి మేయరుగా పనిచేశాడు. అన్న జూలియన్ తరువాతి రోజుల్లో తమ్ముడికి శిక్షకుడయ్యాడు. 2009లో, ఇంకా ప్రొఫెషనల్ కాకముందే, ఇటలీలో కొండలెక్కే యువకుల పందెమైన వాల్ దాఓస్తా టూర్‌ను గెలిచాడు. 2010లో ఫ్రెంచి లాటరీ సంస్థ డబ్బుతో నడిచే ఎఫ్‌డీజే జట్టులో చేరి, 2023లో సైకిల్ దిగేదాకా అదే జట్టులో ఉన్నాడు. ప్రొఫెషనల్ సైక్లింగులో రెండుమూడేళ్లకొకసారి జట్టు మారడం మామూలు. పద్నాలుగు సీజన్లు ఒకే మేనేజరు కింద, ఆ మేనేజరు మార్క్ మాదియో కింద, పనిచేసినవాళ్లు అరుదు.

2012 జూలై 8న బెల్ఫోర్ నుంచి స్విట్జర్లాండ్‌లోని పోరాంత్రుయికి వెళ్లే స్టేజ్‌లో ఫ్రాన్స్ అతన్ని మొదటిసారి చూసింది. ఆ టూర్‌లో అందరికంటే చిన్నవాడు అతనే, వయసు 22. చివరి కొండ మీద ముందున్నవాణ్ణి దాటి ఒంటరిగా దిగుడులోకి వెళ్లాడు. వెనక కిందటేడు విజేత కాడెల్ ఎవాన్స్ ఉన్న గుంపు తరుముతోంది. జట్టు కారులోంచి మాదియో నడుం దాకా కిటికీ బయటికి వంగి, తలుపును చేత్తో బాదుతూ, గొంతు పగిలేలా అరుస్తున్న దృశ్యాన్ని ఫ్రెంచి టీవీ ఇప్పటికీ మళ్లీ మళ్లీ చూపిస్తుంది. మాదియో మామూలు మనిషి కాడు, పారిస్-రూబె పందేన్ని 1985లోనూ 1991లోనూ గెలిచినవాడు. అంతటివాడు ఆ రోజు పొలంగట్టు మీద పిల్లవాణ్ణి పరిగెత్తిస్తున్న మేనమామలా ఉన్నాడు. పినో 26 సెకన్ల తేడాతో గెలిచాడు, టూర్‌ను పదో స్థానంలో ముగించాడు. ఆ రోజు నుంచే అతని నెత్తి మీద ఒక బరువు పడింది.

ఆ బరువు పేరు 1985. ఆ ఏడు బెర్నార్ ఇనో ఐదోసారి టూర్ గెలిచాడు. ఆ తరువాత పురుషుల టూర్‌ను ఫ్రెంచివాడెవడూ గెలవలేదు. 1989లో లొరాన్ ఫిన్యోన్ చివరి రోజు పారిస్ వీధుల్లో, మూడు వారాల పందేన్ని 8 సెకన్ల తేడాతో అమెరికన్ గ్రెగ్ లెమాండ్‌కు పోగొట్టుకున్నాడు, ఆ గాయం మానలేదు. కొండలెక్కగల కుర్రవాడు ఎవడు కనిపించినా పత్రికలు ఇనో వారసుడని రాయడం అప్పటి నుంచీ మొదలైంది. 2014లో పినో టూర్‌లో మూడో స్థానం సాధించి యువ పోటీదారుల్లో మొదటివాడికిచ్చే తెల్ల జెర్సీ గెలిచినప్పుడు, ఇంకో ఫ్రెంచివాడు జాన్-క్రిస్తోఫ్ పెరో రెండో స్థానంలో ఉన్నప్పుడు, ఇక వచ్చే ఏడు మనదే అన్నంత ఉత్సాహం కనిపించింది. విజేత విన్‌చెంజో నీబలీ వాళ్లిద్దరికంటే ఏడెనిమిది నిమిషాలు ముందున్నాడన్న సంగతి ఆ సంబరంలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పినో మీద తరచుగా వినే ఫిర్యాదు, మనసు గట్టిది కాదని. దీనికి ఆధారంగా 2013ను చూపిస్తారు. ఆ ఏడు పిరినీస్‌లో పైయేర్ కనుమ దిగేటప్పుడు అతనికి వేగమంటే భయం పట్టుకుంది. ముందున్నవాళ్లు మలుపుల్లో మాయమైపోతుంటే ఇతను బ్రేకులు వదలలేకపోయాడు. ఎక్కుడులో సంపాదించినదంతా దిగుడులో పోయింది. ఆ టూర్‌ను మధ్యలోనే విడిచిపెట్టాడు. కానీ అదే మనిషి విలేకరుల ముందు కూర్చుని, నాకు దిగాలంటే భయంగా ఉందని దాచకుండా చెప్పాడు. ఈ వృత్తిలో ఆ మాట చెప్పడమంటే ప్రత్యర్థుల చేతికి మన బలహీనతను మనమే రాసివ్వడం. ఆ తరువాత వేగానికి అలవాటుపడటం కోసం రేసు కారు నడపడం దాకా వెళ్లి, ఏడాది తిరిగేసరికి టూర్‌లో మూడోవాడయ్యాడు. బలహీనమైన మనసు చేసే పనులు ఇవి కావని నా అభిప్రాయం.

ఇక నా వాదనకు అసలు ఆధారమైన ఏడు 2018. ఆ మే నెలలో పినో ఇటలీ టూర్, అంటే జీరో, పందెంలో చివరి కొండ స్టేజ్ ముందు దాకా మూడో స్థానంలో ఉన్నాడు. ఆ స్టేజ్‌లో, చెర్వీనియాకు వెళ్లే దారిలో, అతని ఒళ్లు ఒక్కసారిగా చేతులెత్తేసింది. జట్టువాళ్లు చుట్టూ నడుస్తుంటే జ్వరంతో, ఊపిరాడక, విజేత కంటే ముప్పావుగంట ఆలస్యంగా గీత దాటాడు. ఆసుపత్రిలో న్యుమోనియా అన్నారు. పోటీలో ఒక్క రోజే మిగిలింది, అదీ పెద్దగా కష్టం లేని రోజు. ఆ రోజు మొదలుపెట్టలేకపోయాడు. ఆ జబ్బు వల్ల జూలైలో టూర్‌కు వెళ్లలేదు. ఫ్రెంచి పత్రికల లెక్కలో అది వృథా అయిన సంవత్సరం.

ఆ వృథా సంవత్సరంలో ఏం జరిగిందో చూడండి. సెప్టెంబరులో స్పెయిన్ టూర్‌లో పినో రెండు స్టేజ్‌లు గెలిచాడు, ఒకటి అస్తూరియాస్‌లోని కోవదోంగా సరస్సుల దగ్గర, రెండోది అందోర్రాలో. అంతకు ముందే అతనికి ఫ్రాన్స్ టూర్‌లోనూ, 2017లో అసియాగోలో గెలిచిన స్టేజ్‌తో ఇటలీ టూర్‌లోనూ విజయాలున్నాయి కాబట్టి, మూడు మహా పర్యటనల్లోనూ స్టేజ్‌లు గెలిచిన కొద్దిమందిలో చేరాడు. అక్టోబరు 10న ఇటలీలో మిలాన్-తూరిన్ అనే ఒక్కరోజు పందెం గెలిచాడు. మూడు రోజుల తరువాత, అక్టోబరు 13న, లొంబార్దియా గెలిచాడు. ఈ చివరి పేరు దగ్గర కాస్త ఆగాలి. ఏడాదిలో ఒక్క రోజు జరిగే పందేలలో ఐదింటిని మాత్రమే 'మాన్యుమెంట్లు' అంటారు. ఆకులు రాలే కాలంలో కోమో సరస్సు చుట్టూ ఉన్న కొండల మీద జరిగే లొంబార్దియా వాటిలో చివరిది, కొండలెక్కేవాళ్లకు అతి పెద్దది. దాన్ని 1997లో లొరాన్ జలబేర్ తరువాత అప్పటిదాకా ఫ్రెంచివాడెవడూ గెలవలేదు. పినో చీవీల్యో అనే నిటారు కొండ మీద నీబలీని విడిపించుకుని, ఆ మలుపుల దిగుడును ఒంటరిగా దిగి, కోమో ఊరికి ఒక్కడే చేరుకున్నాడు. నీబలీ అంటే అప్పటికే లొంబార్దియాను రెండుసార్లు గెలిచినవాడు, దిగుడులో అందె వేసిన చెయ్యి. ఐదేళ్ల కిందట దిగడమంటే భయపడ్డానన్న మనిషి అతన్ని అతని ఇంటి రోడ్ల మీదే వెనక వదిలాడు. పినో జీవితంలో అత్యుత్తమమైన రోజు ఇదేనని నేను నమ్ముతాను. జూలైలో జరగలేదన్న ఒక్క కారణంతో ఫ్రాన్స్‌లో సగంమందికి ఇది గుర్తు లేదు.

ఆ జూలైని కూడా నేను తప్పించుకోను, ఎందుకంటే 2019ను పక్కన పెట్టి పినో గురించి మాట్లాడటం న్యాయం కాదు. ఆ టూర్‌లో మొదటి వారం ముగిసేసరికి అతను మూడో స్థానంలో ఉన్నాడు. పదో స్టేజ్‌లో అల్బీకి వెళ్లే మైదానంలో పక్క నుంచి గాలి కొట్టింది. సైక్లింగు తెలియనివాళ్లకు ఒక మాట: పక్కగాలిలో ఒకడి చాటున ఒకడు ఏటవాలు వరుసగా నడవాలి, రోడ్డు వెడల్పు కొద్దిమందికే సరిపోతుంది, ఆ వరుసలో చోటు దొరకనివాడు ఎంత బలవంతుడైనా గాలికి ఎదురొడ్డి వెనకబడిపోతాడు. పినో ఒక్క క్షణం తప్పు చోట ఉన్నాడు. 1 నిమిషం 40 సెకన్లు పోయాయి. ఇది అతని పొరపాటు, జట్టు పొరపాటు కూడా, దీన్ని దురదృష్టం అనలేను. కానీ ఐదు రోజుల తరువాత, జూలై 20న, దేశాధ్యక్షుడు మాక్రోన్ చూస్తుండగా తూర్మలే కనుమ శిఖరం మీద గెలిచాడు. మర్నాడు ఫుఆ దగ్గరి ప్రా దల్బీ మీద పసుపు జెర్సీ పోటీదారులందరినీ వెనక్కి నెట్టి రెండోవాడిగా వచ్చాడు. ఆ టూర్‌లో కొండల మీద అతనికంటే గట్టివాడు లేడన్న మాట అప్పుడు ప్రత్యర్థి జట్ల దగ్గర కూడా వినిపించింది.

జూలై 26న 19వ స్టేజ్ మొదలయ్యేటప్పటి లెక్క ఇది. పసుపు జెర్సీలో ఉన్న జులియన్ అలాఫిలిప్‌కు ఇతను 1 నిమిషం 50 సెకన్ల వెనక, రెండో స్థానంలో ఉన్న కొలంబియా కుర్రవాడు ఎగన్ బెర్నాల్‌కు 20 సెకన్ల వెనక. అల్బీలో పోయిన 1:40 పోకుండా ఉంటే అలాఫిలిప్‌కు 10 సెకన్ల దూరంలో, బెర్నాల్ కంటే ముందే ఉండేవాడు. ఇంకా రెండు కొండ స్టేజ్‌లున్నాయి. అయితే రెండు రోజుల ముందు, ఎదుట పడినవాళ్లను తప్పించుకోబోయి అతని ఎడమ మోకాలు హ్యాండిల్‌కు గట్టిగా తగిలింది. తొడ కండరం లోపల చిరిగింది. మర్నాడు గలిబియే కనుమను పళ్లు బిగబట్టి దాటాడు. ఆ శుక్రవారం మాత్రం పెడలు తిప్పలేకపోయాడు. సహచరుడు విలియం బొనే పక్కకు వచ్చి, ఒక చెయ్యి అతని భుజం మీద వేసి, ఇద్దరూ రోడ్డు మధ్యలో నెమ్మదిగా వెళ్తున్నారు; పినో వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. 36 కిలోమీటర్ల దగ్గర సైకిల్ దిగి కారెక్కాడు. నోటి దాకా వచ్చిన ముద్ద అది. అదే మధ్యాహ్నం వడగళ్లు, కొండచరియలు పడి స్టేజ్‌ను మధ్యలోనే ఆపేశారు. 2,770 మీటర్ల ఎత్తున్న ఇజరాన్ శిఖరం దగ్గర తీసిన సమయాలతో బెర్నాల్ పసుపు జెర్సీ అందుకున్నాడు, దానితోనే పారిస్ చేరాడు. ఆ రోజు పినో కాలు బాగుంటే టూర్ అతనిదేనని నేను అనను, అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు. చిరిగిన కండరాన్ని మనసు బలహీనత అనడానికి మాత్రం ఎవరి దగ్గరా ఆధారం లేదు.

తరువాతి ఏడు గోరుచుట్టు మీద రోకటిపోటు. నీస్‌లో మొదటి స్టేజ్‌నాడు వానలో పడి వెన్ను దెబ్బతిన్నాడు, పిరినీస్‌లో మొదటి కొండ స్టేజ్‌లోనే పాతిక నిమిషాలు పోగొట్టుకున్నాడు. ఆ టూర్ చివరి శనివారం, లూర్ నుంచి ప్లాంష్ దే బెల్ ఫీకి సాగిన 36 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే స్టేజ్) దారి సరిగ్గా మెలిసే గుండా వెళ్లింది. సొంత ఊరి మధ్య నుంచి టూర్ వెళ్తున్న ఆ రోజు, అతను ఏ పోటీలోనూ లేడు. వెన్ను నొప్పి 2021ని కూడా మింగేసింది.

2022 ఏప్రిల్‌లో ఆల్ప్స్ టూర్ అనే చిన్న పందెంలో, కాల్స్ అనే ఆస్ట్రియా ఊరి దగ్గర విజయం చేతికి వచ్చినట్టే వచ్చి, చివర్లో మిగెల్ ఆంహెల్ లోపేజ్ దాటేశాడు. పినో కెమెరాల ముందే ఏడ్చాడు. మర్నాడు లీన్జ్‌లో గెలిచాడు. తూర్మలే తరువాత అది మొదటి గెలుపు, మధ్యలో 1,007 రోజులు. ఆ రోజు వార్త చదివి నేను ఆఫీసులో కాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

ఇక్కడ చాలామంది పులిదోర్ పేరు తెస్తారు. రేమోన్ పులిదోర్ ఎనిమిదిసార్లు టూర్ మొదటి ముగ్గురిలో ఉండి, ఒక్క రోజు కూడా పసుపు జెర్సీ వేసుకోని మనిషి, విజేతలకంటే ఎక్కువ ప్రేమ పొందినవాడు. పినోను ఆయన వారసుడనడం నాకు సోమరి పోలికగా కనిపిస్తుంది. పులిదోర్ 40 ఏళ్ల వయసులో మూడో స్థానం సాధించిన ఇనుప మనిషి. ఆయనకు అడ్డం నిలిచింది ఆంక్తీల్, మెర్క్స్ వంటి మహాయోధులు. పినోకు అడ్డం నిలిచింది ఎక్కువగా తన ఒళ్లే. ఎండకు తట్టుకోలేదు, మూడు వారాల చివర జబ్బు పడేది. అలాంటి శరీరానికి చల్లటి అక్టోబరు కొండలు సరిపోతాయని 2018 స్పష్టంగా చూపించింది. అయినా ఫ్రెంచి జట్టుకు, ఫ్రెంచి స్పాన్సరుకు, ఫ్రెంచి టీవీకి జూలైయే కావాలి. అతను జట్టు మారి ఉంటే స్వేచ్ఛ దొరికేదా? డబ్బున్న విదేశీ జట్లలో ఇతర నాయకుల కింద పనిచేయవలసి వచ్చేదేమో. మాదియోతో ఉండిపోవడాన్ని నేను తప్పుపట్టను. అతని మంచి రోజుల్లో, చెడ్డ రోజుల్లో ఆ కారులో అదే మనిషి ఉండటం అతనికి అవసరమైంది. తప్పుపట్టేది ఆ జట్టు తన లెక్కలన్నీ ఒక్క పందెం చుట్టూ కట్టుకోవడాన్ని.

2023 జనవరిలోనే ఇది చివరి సీజన్ అని చెప్పేశాడు. మే నెలలో ఇటలీ టూర్‌లో కొండలెక్కడంలో మొదటివాడికిచ్చే నీలం జెర్సీ గెలిచి, ఐదో స్థానంలో నిలిచాడు. జూలైలో మేము చూసిన ఆ మలుపు. అక్టోబరు 7న, తనకు ఇష్టమైన లొంబార్దియాలో, ఆఖరిసారి నంబరు కట్టుకున్నాడు. ఆ శనివారం అభిమానులు ఆల్ప్స్ దాటి ఇటలీకి వెళ్లి బెర్గామో పాతబస్తీ ఎక్కుడు మీద మళ్లీ ఒక పినో మలుపు కట్టారు. గెలిచే అవకాశం లేదని వాళ్లకు తెలుసు. ఆ తరువాత అతను మెలిసేలో తన మేకల దగ్గరికి, పొలం దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇవన్నీ ఇప్పుడు రాయడానికి కారణం ఇంకొక కుర్రవాడు. 2006లో పుట్టిన పాల్ సేక్సాస్ 2025లో, యువకుల టూర్‌గా పేరున్న టూర్ ద లావెనీర్‌ను గెలిచాడు. అదే ఏడు యూరప్ ఛాంపియన్‌షిప్‌లో పొగాచార్, ఎవెనెపూల్‌ల తరువాత మూడోవాడిగా నిలిచాడు. వెంటనే పత్రికల్లో ఇనో పేరు, 1985 సంఖ్య మళ్లీ కనిపించాయి. మహిళల టూర్‌ను 2025లో పోలీన్ ఫెరాన్-ప్రెవో గెలిచి ఫ్రాన్స్‌కు పసుపు జెర్సీ తెచ్చినా ఆ ఆకలి తీరినట్టు లేదు. ఆ కుర్రవాడి జట్టును నడిపేవాళ్లకూ, టీవీ ముందు కూర్చునే మనకూ నా విన్నపం ఒకటే. అతని ఒళ్లు ఏ వాతావరణంలో, ఎన్ని రోజుల పందెంలో బాగా పనిచేస్తుందో అతనే కనుక్కోనివ్వండి. కావాలంటే ఇటలీకి, స్పెయిన్‌కు, బెల్జియంలోని లీయెజ్ పందేనికి, లొంబార్దియాకు వెళ్లనివ్వండి. ఒక జూలైలో అతను కనిపించకపోతే ఎక్కడ పోయాడని అడగవద్దు. మా అబ్బాయి ఈసారి లొంబార్దియా చూడటానికి కోమో వెళ్దాం నాన్నా అంటున్నాడు. చీవీల్యో మీద ఎక్కడ నిలబడితే ఎక్కువసేపు కనిపిస్తారో ఇద్దరం మ్యాపులో వెతుకుతున్నాం.